పేగు అడ్డంకికి స్టెంటు ఊరట - క్యాన్సర్ రోగికి లభించే విలువైన వ్యవధి

(ప్రత్యేక వ్యాసం)

స్టెంటు అనగానే సామాన్య ప్రజలకు గుండె జబ్బు గుర్తుకు వస్తుంది. పూడుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరచి ఉంచే సన్నని లోహపు జాలీ గొట్టంగా ఈ మాట తెలుగునాట అందరికీ పరిచయమే. డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణులు డాక్టర్ బి. సోమరాజు కృషితో 1990వ దశకంలో హైదరాబాద్‌లో రూపుదిద్దుకున్న కలాం-రాజు స్టెంటు గురించి పత్రికల్లో విస్తృతంగా వార్తలు వచ్చాయి. అయితే స్టెంటు ఉపయోగం గుండెకు మాత్రమే పరిమితం కాదు. అన్నవాహిక, పిత్తనాళం, మూత్రనాళం మొదలైన అవయవాలలో మార్గం మూసుకుపోయినప్పుడు కూడా వైద్యులు స్టెంట్లను అమరుస్తున్నారు. పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ వల్ల పేగు పూర్తిగా మూసుకుపోయిన రోగులకు సైతం ఇదే విధానం ఊరటనిస్తున్నది.

ఈ స్టెంటు క్యాన్సర్‌ను నయం చేయదు. అది ఇచ్చేది వ్యవధి. అర్ధరాత్రి హడావుడిగా చేయవలసిన ప్రమాదకరమైన శస్త్రచికిత్సను, రోగి కోలుకున్న తరువాత అన్ని పరీక్షలూ పూర్తి చేసుకుని పగటిపూట చేసే శస్త్రచికిత్సగా మార్చడానికి అది తోడ్పడుతుంది. శస్త్రచికిత్సకు అవకాశం లేనంతగా వ్యాధి ముదిరిన వారికి మిగిలిన కాలాన్ని కొంత సుఖంగా గడిపే వీలు కల్పిస్తుంది. ఎవరికి ఇది మేలు చేస్తుంది, ఎవరికి తగదు, ఏ జాగ్రత్తలు అవసరం అనే అంశాలపై వైద్య ఆరోగ్య రంగ అధికారులకు, పాత్రికేయులకు స్పష్టమైన అవగాహన ఉండడం ఎంతైనా అవసరం.

వ్యాధి తీవ్రత

ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 సంవత్సరానికి రూపొందించిన అంచనాల ప్రకారం, ఆ ఏడాది ప్రపంచవ్యాప్తంగా 19 లక్షలకు పైగా ప్రజలు పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ బారిన పడ్డారు. సుమారు 9 లక్షల మంది మరణించారు. కొత్త కేసుల సంఖ్యలో ఈ క్యాన్సర్‌ది మూడవ స్థానం కాగా, మరణాల సంఖ్యలో రెండవ స్థానం. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే భారతదేశంలో ఈ వ్యాధి రేటు తక్కువే అయినప్పటికీ, మన దేశంలో చాలామంది వ్యాధి ముదిరిన తరువాతనే ఆసుపత్రికి వస్తున్నారు. మలంలో రక్తం కనిపిస్తే మొలలుగా భావించి నెలల తరబడి సొంత వైద్యం చేసుకోవడం, మలవిసర్జన అలవాట్లలో మార్పును వయసు మీద పడిన లక్షణంగా సరిపెట్టుకోవడం ఇందుకు కారణాలుగా ఉన్నాయి.

పెద్దపేగు క్యాన్సర్ రోగులలో సుమారు పదవ వంతు మంది పేగు అడ్డంకితో అత్యవసర స్థితిలో ఆసుపత్రికి చేరుకుంటారు. వీరిలో పలువురికి తమకు క్యాన్సర్ ఉన్న సంగతి అప్పుడే మొదటిసారి తెలుస్తుంది.

అడ్డంకి ఎందుకు ఏర్పడుతుంది

పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటరు పొడవు ఉంటుంది. పొట్టకు కుడివైపు దిగువన సీకం అనే సంచివంటి భాగంతో మొదలై, పైకి వెళ్లి, అడ్డంగా సాగి, ఎడమవైపు కిందికి దిగి మలాశయంలో కలుస్తుంది. కుడివైపు పేగు వెడల్పుగా ఉంటుంది. అక్కడ మలం ఇంకా ద్రవరూపంలోనే ఉంటుంది. అందువల్ల కుడివైపు కణితి చాలా పెద్దదైతే తప్ప మార్గం మూసుకుపోదు. ఎడమవైపు పేగు సన్నగా ఉంటుంది. అక్కడికి చేరేసరికి నీరు ఇంకిపోయి మలం గట్టిపడుతుంది. పైగా ఎడమవైపు క్యాన్సర్ కణితి పేగు చుట్టూ ఉంగరంలా పెరిగి మార్గాన్ని బిగించివేసే అవకాశం ఎక్కువ. స్టెంటు గురించిన చర్చ ప్రధానంగా ఎడమవైపు పేగుకు సంబంధించినది కావడానికి ఇదే కారణం.

మార్గం మూసుకుపోయిన తరువాత మలం, వాయువు బయటికి పోవు. పొట్ట ఉబ్బుతుంది. మెలిపెట్టినట్లు నొప్పి వచ్చి పోతూ ఉంటుంది. మలవిసర్జనతో పాటు అపానవాయువు కూడా నిలిచిపోతుంది. ఆలస్యమయ్యే కొద్దీ వాంతులు మొదలవుతాయి. శరీరంలో నీరు, లవణాలు తగ్గిపోయి మూత్రపిండాలపై ప్రభావం పడుతుంది.

చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఒక కవాటం ఉంటుంది. చాలామందిలో ఈ కవాటం పెద్దపేగులోని పదార్థాన్ని వెనక్కు పోనివ్వదు. ముందు కణితి, వెనుక కవాటం ఉండడంతో పెద్దపేగు రెండు వైపులా మూసిన బుడగలా తయారవుతుంది. వ్యాసం ఎక్కువగా ఉన్న చోట గోడపై ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. అందుచేత కణితి ఎడమవైపు ఉన్నప్పటికీ, ముందుగా చిట్లే ప్రమాదం ఉన్నది కుడివైపు సీకానికే. ఎక్స్-రే లేదా సి.టి. స్కాన్‌లో సీకం వ్యాసం 10 నుంచి 12 సెంటీమీటర్లకు చేరితే వైద్యులు దానిని ప్రమాద సంకేతంగా పరిగణిస్తారు. పేగు చిట్లితే మలం పొట్టలోకి చేరి, ఇన్ఫెక్షన్ శరీరమంతా వ్యాపించి ప్రాణాపాయం ఏర్పడుతుంది.

అత్యవసర శస్త్రచికిత్సలోని కష్టనష్టాలు

స్టెంట్లు అందుబాటులోకి రాకముందు ఇటువంటి రోగికి అత్యవసర శస్త్రచికిత్స ఒక్కటే మార్గంగా ఉండేది. నేటికీ అనేక సందర్భాలలో అదే మార్గం. అయితే ముందుగా నిర్ణయించి చేసే శస్త్రచికిత్సతో పోలిస్తే అత్యవసర శస్త్రచికిత్సలో మరణాల రేటు అనేక రెట్లు ఎక్కువ. రోగి నీరసించి ఉంటాడు. రక్తహీనత, మధుమేహం, గుండె జబ్బు వంటివి ఉన్నా వాటిని సరిదిద్దే సమయం ఉండదు. వ్యాధి కాలేయానికి, ఊపిరితిత్తులకు పాకినదీ లేనిదీ పూర్తిగా తేల్చుకునే అవకాశమూ తక్కువే.

ఉబ్బి, పలచబడి, మలంతో నిండిన పేగు చివరలను వెంటనే కలిపి కుట్టడం ప్రమాదకరం. కుట్లు విడిపోతే ప్రాణాలకే ముప్పు. అందువల్ల వైద్యులు చాలా సందర్భాలలో కణితి ఉన్న భాగాన్ని తొలగించి, పై పేగు కొసను పొట్ట గోడపైకి తెచ్చి అక్కడ మలవిసర్జన మార్గం ఏర్పాటు చేస్తారు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు హెన్రీ హార్ట్‌మన్ 1921లో వివరించిన ఈ విధానం ఆయన పేరుతోనే ప్రసిద్ధి పొందింది. పొట్టపై ఏర్పాటు చేసే ఈ మార్గాన్ని కొలాస్టమీ అంటారు. మలం దానికి తగిలించిన సంచిలో చేరుతుంది.

కొలాస్టమీ ప్రాణాలు కాపాడే చికిత్స అనడంలో సందేహం లేదు. సంచితోనే ఉద్యోగ వ్యాపారాలు చేసుకుంటూ సాధారణ జీవితం గడుపుతున్నవారు ఎందరో ఉన్నారు. అయినప్పటికీ దానితో వచ్చే ఇబ్బందులను తక్కువగా అంచనా వేయరాదు. సంచులు క్రమం తప్పకుండా కొనుగోలు చేయాలి. చర్మం పుండు పడకుండా చూసుకోవాలి. నీటి వసతి సరిగా లేని ఇంట్లో, పొలం పనికి, కూలి పనికి వెళ్లే వ్యక్తికి ఇది నిత్య సమస్య. శుభకార్యాలకు, ప్రయాణాలకు దూరమయ్యేవారు, ఇంట్లోనే వేరుగా ఉండిపోయేవారు కూడా ఉన్నారు. తాత్కాలికమని చెప్పి ఏర్పాటు చేసిన కొలాస్టమీని తిరిగి మూయడానికి మరొక పెద్ద శస్త్రచికిత్స అవసరం. వయసు, బలహీనత, వ్యాధి తిరగబెట్టడం వంటి కారణాల వల్ల గణనీయమైన సంఖ్యలో రోగులకు ఆ రెండవ శస్త్రచికిత్స జరగదు. తాత్కాలికం కాస్తా శాశ్వతమవుతుంది.

స్టెంటు నిర్మాణం, చరిత్ర

స్టెంటు అనే మాట 19వ శతాబ్దంలో లండన్‌లో ఉన్న దంతవైద్యుడు చార్లెస్ స్టెంట్ పేరు నుంచి వచ్చిందని సాధారణంగా భావిస్తారు. పళ్ల అచ్చులు తీయడానికి ఆయన తయారు చేసిన పదార్థం కాలక్రమంలో ఇతర శస్త్రచికిత్సలలోనూ ఉపయోగపడి, శరీర భాగాలకు ఊతమిచ్చే సాధనాలకు ఆయన పేరు స్థిరపడింది.

పేగు స్టెంట్లు ఎక్కువగా నిటినాల్ అనే మిశ్రమ లోహంతో తయారవుతాయి. నికెల్, టైటానియం కలిసిన ఈ లోహాన్ని అమెరికా నౌకాదళ ఆయుధ ప్రయోగశాలలో 1960 ప్రాంతంలో గుర్తించారు. నికెల్, టైటానియం, ఆ ప్రయోగశాల పేర్ల తొలి అక్షరాలు కలిసి నిటినాల్ అయింది. ఎంత నొక్కి పెట్టినా వదిలిన వెంటనే తన అసలు ఆకారానికి రావడం దీని ప్రత్యేకత. గుండె స్టెంట్లను సాధారణంగా బుడగతో ఉబ్బించి తెరుస్తారు. పేగు స్టెంటు మాత్రం ఎవరూ ఉబ్బించనవసరం లేకుండా తనంతట తానే విచ్చుకుంటుంది. పరిమాణంలోనూ ఎంతో తేడా ఉంది. గుండె స్టెంటు వ్యాసం 2 నుంచి 4 మిల్లీమీటర్లు మాత్రమే. పేగు స్టెంటు వ్యాసం సుమారు 24 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉండాలని నిపుణులు సూచిస్తున్నారు. అది జారిపోకుండా కొసలు మరింత వెడల్పుగా ఉంటాయి.

శస్త్రచికిత్సకు వీలులేని మలాశయ క్యాన్సర్ రోగులకు స్టెంటు అమర్చిన తొలి నివేదికలు 1991లో వెలువడ్డాయి. శస్త్రచికిత్సకు ముందు తాత్కాలిక వారధిగా స్టెంటును ఉపయోగించవచ్చని స్పెయిన్ వైద్యులు 1994లో ప్రకటించారు. ఆ తరువాత ఈ విధానం అనేక దేశాలకు విస్తరించింది.

అమర్చే విధానం

స్టెంటు అమర్చడానికి ముందు సి.టి. స్కాన్ తప్పనిసరి. అడ్డంకి ఎక్కడ ఉంది, ఎంత పొడవున ఉంది, పేగు ఇప్పటికే చిట్లిందా, ఒకటి కంటే ఎక్కువ చోట్ల అడ్డంకి ఉందా అనే విషయాలు అందులో తెలుస్తాయి. ఆ తరువాత గ్యాస్ట్రోఎంటరాలజిస్టు మలద్వారం గుండా కొలనోస్కోపును కణితి వరకు పంపుతారు. పూర్తి మత్తు అవసరం లేకుండా స్వల్ప మత్తుతోనే ఈ ప్రక్రియ చేయవచ్చు.

కణితి మధ్య మిగిలి ఉన్న సన్నని సందు గుండా మెత్తని కొస గల తీగను నెమ్మదిగా అవతలి వైపుకు పంపుతారు. ఈ పని ఎక్స్-రే తెరపై చూస్తూ సాగుతుంది. ఇందులో అన్నింటికన్నా నైపుణ్యం కావలసిన దశ ఇదే. తీగ దారి తప్పితే పేగుకు రంధ్రం పడే ప్రమాదం ఉంటుంది. తీగ సురక్షితంగా దాటిన తరువాత ఎక్స్-రేలో కనిపించే ద్రవాన్ని పంపి అడ్డంకి పొడవును కొలుస్తారు. సన్నని గొట్టంలో ముడిచి ఉంచిన స్టెంటును తీగ వెంబడి పంపి, పై తొడుగును వెనక్కు లాగుతారు. స్టెంటు విచ్చుకుంటుంది. కణితికి రెండు వైపులా సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున అదనంగా ఉండేలా దాని పొడవును ఎంచుకుంటారు.

స్టెంటు విచ్చుకున్న కొద్ది నిమిషాలకే నిలిచిపోయిన వాయువు, మలం వెలువడడం తరచుగా జరుగుతుంది. అయితే స్టెంటు పూర్తి వెడల్పుకు రావడానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టవచ్చు. త్వరగా తెరవాలనే ఉద్దేశంతో బుడగతో ఆ ఇరుకును ముందుగా సాగదీయడం మంచిది కాదు. పేగు చిట్లే ప్రమాదం పెరుగుతుంది కనుక నిపుణుల మార్గదర్శకాలు దానిని వారిస్తున్నాయి.

రెండు వేర్వేరు ఉద్దేశాలు

పేగు స్టెంటును రెండు వేర్వేరు ఉద్దేశాలతో ఉపయోగిస్తారు. వీటిని కలిపివేసి చూడడం వల్లనే ఎక్కువ అపోహలు కలుగుతున్నాయి.

మొదటిది, నయమయ్యే అవకాశం ఉన్న రోగికి శస్త్రచికిత్స వరకు వారధిగా ఉపయోగించడం. పేగు తెరుచుకున్న తరువాత ఉబ్బు తగ్గుతుంది. లోపమైన నీరు, లవణాలు, రక్తం అందించవచ్చు. మిగిలిన పరీక్షలు పూర్తి చేయవచ్చు. సుమారు రెండు వారాల వ్యవధి తరువాత, కణితితో పాటు స్టెంటు ఉన్న భాగాన్ని తొలగించి పేగు కొసలను అక్కడే కలిపి కుట్టే అవకాశం పెరుగుతుంది. సంచి అవసరం లేకుండా ఒకే శస్త్రచికిత్సతో పని పూర్తి కావచ్చు.

రెండవది, వ్యాధి ఇతర అవయవాలకు పాకి శస్త్రచికిత్సతో నయం కాని రోగికి ఉపశమనం కల్పించడం. ఇక్కడ స్టెంటు శాశ్వతంగా ఉండిపోతుంది. పెద్ద కోత, దాని గాయం మానే వారాలు లేకుండా రోగి త్వరగా ఇంటికి చేరవచ్చు. కీమోథెరపీ త్వరగా మొదలుపెట్టవచ్చు. నెలలు మాత్రమే మిగిలి ఉన్న వ్యక్తికి ఆసుపత్రి మంచంపై గడిచే ప్రతి వారం ఎంత విలువైనదో ఆ కుటుంబానికే తెలుస్తుంది. ఇటువంటి రోగులకు స్టెంటుకు ప్రాధాన్యమివ్వాలని యూరోపియన్ జీర్ణకోశ ఎండోస్కోపీ సంఘం 2020 మార్గదర్శకాలలో సిఫారసు చేసింది.

అధ్యయనాలు వెల్లడించిన విషయాలు

వారధిగా స్టెంటు వాడకంపై వైద్య ప్రపంచం అభిప్రాయం ఒకే తీరుగా సాగలేదు. తొలి రోజులలో ఉత్సాహం ఎక్కువగా ఉండేది. మొత్తం 1,198 మంది రోగుల వివరాలతో 2004లో ప్రచురితమైన సమీక్షలో 94 శాతం మందికి స్టెంటును సక్రమంగా అమర్చగలిగినట్లు, 91 శాతం మందికి అడ్డంకి తొలగినట్లు తేలింది. అదే సమీక్షలో ప్రతి వందమందిలో సుమారు నలుగురికి పేగుకు రంధ్రం పడినట్లు, 12 మందికి స్టెంటు జారినట్లు, ఏడుగురికి మార్గం తిరిగి మూసుకుపోయినట్లు కూడా నమోదైంది.

ఆ తరువాత నెదర్లాండ్స్‌లో జరిగిన అధ్యయనాలు హెచ్చరికగా నిలిచాయి. శస్త్రచికిత్సతో పోల్చి చూస్తూ 98 మంది రోగులపై జరిపిన ఒక పరీక్షను దుష్ఫలితాల కారణంగా ముందుగానే నిలిపివేశారు. దాని ఫలితాలు 2011లో ప్రచురితమయ్యాయి. నయం కావలసిన రోగికి పేగు చిట్లితే క్యాన్సర్ కణాలు పొట్టలో వ్యాపించవచ్చుననే ఆందోళన దీనితో బలపడింది. ఫలితంగా 2014 యూరోపియన్ మార్గదర్శకాలు వారధి స్టెంటును సాధారణ చికిత్సగా సిఫారసు చేయలేదు.

ఇటలీ, స్పెయిన్ దేశాలలో 115 మంది రోగులపై జరిపి 2017లో ప్రచురించిన పరీక్షలో మాత్రం రెండు విధానాలలో చిక్కులు దాదాపు సమానంగా ఉన్నట్లు, స్టెంటు పొందిన వారిలో కొలాస్టమీ అవసరం తగ్గినట్లు కనిపించింది. బ్రిటన్‌లో 245 మంది రోగులతో జరిగిన క్రెస్ట్ అధ్యయనం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేసింది. స్టెంటు ద్వారా సుమారు 82 శాతం మందికి అడ్డంకి తొలగింది. నయమయ్యే అవకాశం ఉన్న రోగులలో కొలాస్టమీ అవసరం సుమారు 69 శాతం నుంచి 45 శాతానికి తగ్గింది. శస్త్రచికిత్స తరువాతి మరణాలలో, మూడేళ్లలో వ్యాధి తిరగబెట్టడంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

ఈ ఆధారాల నేపథ్యంలో 2020 మార్గదర్శకాలు తమ వైఖరిని సవరించాయి. ఎడమవైపు పేగు అడ్డంకితో వచ్చిన, నయమయ్యే అవకాశం గల రోగికి స్టెంటును ఒక ప్రత్యామ్నాయంగా వివరించి, రోగితో చర్చించి నిర్ణయం తీసుకోవాలని సూచించాయి. అంటే అందరికీ స్టెంటు వేయాలని గానీ, ఎవరికీ వేయరాదని గానీ అర్థం కాదు.

మొదటి సమీక్షలోని 91 శాతానికి, క్రెస్ట్‌లోని 82 శాతానికి మధ్య వ్యత్యాసం గమనించదగినది. నిపుణులు తమ సొంత కేంద్రాలలో సాధించిన ఫలితాలను సమీకరించినప్పుడు కనిపించే విజయశాతం, పలు ఆసుపత్రులలో పద్ధతి ప్రకారం పరీక్షించినప్పుడు కొంత తగ్గడం సహజం. పరికరంతో పాటు దానిని అమర్చే చేతికి కూడా అంతే ప్రాధాన్యం ఉంది. కనీసం 20 పేగు స్టెంట్లు అమర్చిన అనుభవం ఉన్నవారే ఈ ప్రక్రియ చేపట్టాలని మార్గదర్శకాలు సూచించడానికి కారణం ఇదే.

ఎవరికి తగదు

పేగు అప్పటికే చిట్లిన రోగికి, పొట్టలో ఇన్ఫెక్షన్ లక్షణాలు ఉన్న రోగికి స్టెంటు వేయరాదు. వారికి తక్షణ శస్త్రచికిత్స అవసరం. మలద్వారానికి అతి సమీపంలో, సుమారు 5 సెంటీమీటర్ల లోపు ఉన్న కణితికి స్టెంటు వేస్తే భరించరాని నొప్పి, ఆపుకోలేని మలవిసర్జన కలుగుతాయి. కుడివైపు పేగు అడ్డంకికి సాధారణంగా నేరుగా శస్త్రచికిత్స చేస్తారు. అక్కడ చిన్నపేగును, మిగిలిన పెద్దపేగును వెంటనే కలిపి కుట్టడం చాలా సందర్భాలలో సాధ్యమవుతుంది. అడ్డంకి లక్షణాలు లేని రోగికి ముందుజాగ్రత్త పేరుతో స్టెంటు వేయడం కూడా తగదు.

రక్తనాళాల పెరుగుదలను అడ్డుకునే బెవాసిజుమాబ్ వంటి మందులు వాడుతున్న రోగులలో స్టెంటు ఉన్నచోట పేగు చిట్లే ప్రమాదం ఎక్కువ. అందువల్ల స్టెంటు ఉన్న విషయం కీమోథెరపీ ఇచ్చే వైద్యునికి తప్పనిసరిగా తెలియాలి. రోగి ఒక ఆసుపత్రిలో స్టెంటు వేయించుకుని, మరొక ఆసుపత్రిలో కీమోథెరపీ తీసుకోవడం మన రాష్ట్రాలలో సాధారణం. కాబట్టి డిశ్చార్జి పత్రంలో స్టెంటు రకం, పొడవు, అమర్చిన తేదీ స్పష్టంగా రాయవలసి ఉంటుంది.

స్టెంటు తరువాత జాగ్రత్తలు

స్టెంటు గుండా మలం సాఫీగా పోవాలంటే అది మెత్తగా ఉండాలి. వైద్యుల సలహాపై విరేచనం సాఫీ చేసే మందులు వాడాలి. నీరు తగినంత తాగాలి. మామూలుగా ఆరోగ్యానికి మంచిదని చెప్పే పీచు పదార్థాలు ఇక్కడ చిక్కు తెచ్చిపెడతాయి. మునగకాడ, పనస, పీచు మామిడి, తొక్కతో తినే పండ్లు, ముదురు ఆకుకూరలు జాలీలో చిక్కుకుని మార్గాన్ని మూసివేయవచ్చు. మెత్తగా వండిన అన్నం, పెరుగు, ఇడ్లీ, పలుచని పప్పు వంటివి మేలు. ఆహార నియమాలను చికిత్స చేసిన వైద్యుని వద్దనే తెలుసుకోవాలి.

హఠాత్తుగా తీవ్రమైన పొట్ట నొప్పి, జ్వరం, మళ్లీ పొట్ట ఉబ్బడం, మలవిసర్జన నిలిచిపోవడం, అధిక రక్తస్రావం వంటి లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరాలి. కణితి జాలీ సందులలోంచి పెరిగి మార్గం మూసుకుపోతే, చాలా సందర్భాలలో పాత స్టెంటు లోపలే మరొక స్టెంటు అమర్చవచ్చు.

మొదటి ఆసుపత్రి పాత్ర కీలకం

స్టెంటు సౌకర్యం, అనుభవజ్ఞులైన నిపుణులు ప్రధానంగా నగరాలలోని పెద్ద ఆసుపత్రులలో ఉంటారు. రోగి మాత్రం ముందుగా చేరేది సమీపంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, ఏరియా ఆసుపత్రికో, గ్రామంలోని ఆర్.ఎం.పి. వద్దకో. అక్కడ జరిగే ఆలస్యమే రోగి భవితవ్యాన్ని నిర్ణయిస్తుంది.

పొట్ట ఉబ్బి, మలంతో పాటు వాయువు కూడా నిలిచిపోయిన వ్యక్తికి మలబద్ధకంగా భావించి బలమైన విరేచనాల మందు ఇవ్వడం ప్రమాదకరం. మూసిన పేగుపై ఒత్తిడి మరింత పెరుగుతుంది. ఇటువంటి రోగికి నోటి ద్వారా ఆహారం ఆపివేసి, సెలైన్ ఎక్కించి, ముక్కు ద్వారా రైల్స్ ట్యూబు వేసి, పొట్ట ఎక్స్-రే తీయించి, శస్త్రవైద్యుడు, సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తరలించాలి. ఈ ప్రథమ చర్యలకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అంబులెన్సు సేవలు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ కొనసాగుతున్నాయి. రోగిని పంపే ముందు ఏ ఆసుపత్రిలో ఆ సమయానికి ఎండోస్కోపీ నిపుణులు ఉన్నారో ఫోనులో నిర్ధారించుకుంటే రోగి ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి తిరిగే దురవస్థ తప్పుతుంది. స్టెంటు సౌకర్యం లేని చోట సమయానికి చేసిన కొలాస్టమీ, ఆలస్యంగా అందిన స్టెంటు కంటే మేలని గుర్తించాలి.

ఖర్చు విషయంలోనూ స్పష్టత అవసరం. జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ 2017 ఫిబ్రవరిలో విధించిన గరిష్ఠ ధర పరిమితి గుండె స్టెంట్లకు సంబంధించినది. పేగు స్టెంటు ధరను దానితో పోల్చి ప్రజలకు చెప్పడం పొరపాటు. ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. అప్పటి నుంచి పేద కుటుంబాల క్యాన్సర్ చికిత్సలో ప్రభుత్వ ఆరోగ్య పథకాల పాత్ర పెరిగింది. చికిత్సకు ముందే ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్రను సంప్రదించి, ఏ చికిత్సకు, ఏ పరికరానికి పథకం వర్తిస్తుందో తెలుసుకుంటే కుటుంబం అప్పులపాలు కాకుండా కాపాడుకోవచ్చు.

పాత్రికేయులు గమనించవలసినవి

నూతన చికిత్సల గురించి రాసేటప్పుడు ఆపరేషన్ లేకుండా క్యాన్సర్ మాయం వంటి శీర్షికలు రోగులకు చేటు చేస్తాయి. స్టెంటుతో ఉపశమనం పొందిన రోగి, నయమైందని నమ్మి శస్త్రచికిత్సకు తిరిగి రాకపోతే, నయం కాగల వ్యాధి నయం కానిదిగా మారుతుంది. వారధి స్టెంటు తరువాతి రెండు వారాలు విశ్రాంతికి ఇచ్చిన సెలవు కావు. శస్త్రచికిత్సకు సిద్ధమయ్యే గడువు మాత్రమే. ఈ ఒక్క విషయం వార్తలో స్పష్టంగా ఉంటే ప్రాణాలు నిలుస్తాయి. అదేవిధంగా కొలాస్టమీని శిక్షగా, అవమానంగా చిత్రించరాదు. స్టెంటు సాధ్యం కాని ఎందరికో అదే ప్రాణదానం.

అడ్డంకి వరకు రానివ్వకపోవడమే మేలు

పెద్దపేగు క్యాన్సర్ చాలా సందర్భాలలో పాలిప్ అనే చిన్న కండపెరుగుదలగా మొదలై, సంవత్సరాల తరబడి పెరిగి క్యాన్సర్‌గా మారుతుంది. ఆ దశలో కొలనోస్కోపీ ద్వారానే దానిని తొలగించవచ్చు. అమెరికా గణాంకాల ప్రకారం, వ్యాధి పేగుకే పరిమితమై ఉన్న దశలో గుర్తించిన వారిలో సుమారు 90 శాతం మంది ఐదేళ్లకు పైగా జీవిస్తున్నారు. దూర అవయవాలకు పాకిన తరువాత ఈ శాతం గణనీయంగా పడిపోతుంది.

దేశంలో జాతీయ స్థాయి క్యాన్సర్ ముందస్తు పరీక్షల కార్యక్రమం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లపై దృష్టి కేంద్రీకరించింది. పెద్దపేగు క్యాన్సర్ విషయంలో లక్షణాలను గుర్తించే బాధ్యత ఎక్కువగా ప్రజలపైన, తొలిసారి చూసే వైద్యునిపైన ఉంది. మలంలో రక్తం, వారాల తరబడి విరేచనాలు లేదా మలబద్ధకం, మలం సన్నబడడం, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం వంటి లక్షణాలు ఉన్నవారు, కుటుంబంలో ఈ వ్యాధి చరిత్ర ఉన్నవారు తప్పనిసరిగా పరీక్ష చేయించుకోవాలి. మొలలని నిర్ధారించే ముందు క్యాన్సర్ కాదని తేల్చుకోవడం వైద్యుల కర్తవ్యం.

స్టెంటు విలువ అది కల్పించిన వ్యవధిని ఎలా ఉపయోగించుకున్నారనే దానిపై ఆధారపడి ఉంటుంది. సకాలంలో గుర్తించే గ్రామస్థాయి సిబ్బంది, ఆలస్యం లేకుండా తరలించే వ్యవస్థ, అనుభవం గల నిపుణులు, శస్త్రచికిత్సకు రోగిని తప్పక వెనక్కు రప్పించే పర్యవేక్షణ కలిసినప్పుడే ఈ విధానం పూర్తి ఫలితాన్ని ఇస్తుంది. ఈ దిశగా వైద్యులు, అధికారులు, ప్రసార మాధ్యమాలు సమన్వయంతో కృషి చేయవలసిన అవసరం ఎంతైనా ఉంది.